రత్నగంధి కొమ్మలు కత్తిరిస్తే పూలు తగ్గిపోతాయా?

తగ్గవు, సరైన టైంలో కత్తిరిస్తే ఇంకా ఎక్కువే పూస్తుంది. రత్నగంధికి పూలగుత్తి వచ్చేది ఆ సీజన్‌లో కొత్తగా వేసిన రెమ్మ చివర్లోనే, అందుకే ఒక కొమ్మ కోస్తే దాని కింద నుంచి రెండు మూడు చిగుళ్లు లేస్తాయి, వాటిలో ప్రతిదానికీ గుత్తి వచ్చే ఛాన్స్ ఉంటుంది. అసలు ముట్టుకోకుండా వదిలేస్తే 10 అడుగుల దాకా సాగిపోయి కింద అంతా బోడిగా తయారవుతుంది, పూలేమో అందనంత ఎత్తులో.

అమెరికాలోని అరిజోనా లాంటి చోట్ల చలికాలంలో దీని పైభాగం ఎండిపోతుంది, ఆ ఎండిన కొమ్మల్ని నేలకి కాస్త పైన కొట్టేస్తారు, అయినా వసంతంలో మొదలు నుంచి మళ్లీ చిగురేసి అదే ఎండాకాలం నిండుగా పూస్తుంది.

మరి కత్తిరిస్తే పూలు పోతాయని చాలామంది ఎందుకు అనుకుంటారంటే, మొక్క మాంచి పూత మీద ఉన్నప్పుడు షేప్ కోసమని చివర్లు కోసేస్తారు, దాంతో మొగ్గలన్నీ పోతాయి, కొత్త రెమ్మలు వచ్చేదాకా మొక్క ఖాళీగా కనిపిస్తుంది, తప్పంతా కత్తెర మీదకి పోతుంది. గట్టిగా కత్తిరించేది చలి తగ్గాక, కొత్త చిగురు రాకముందు. పూత టైంలో వాడిన గుత్తుల్ని, వాటికి పట్టిన కాయల్ని తీసేస్తే చాలు, విత్తనాలకి పోయే బలం పూలకి మిగుల్తుంది. నీడలో పెంచే మొక్కకి మాత్రం ఎంత కత్తిరించినా లాభం లేదు, దీనికి రోజంతా ఎండ పడాల్సిందే.