ఆవు మోకాళ్ళ వాపు: వాతం కాదు, ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మాది సిరోంచ తాలూకా, అంకీస దగ్గర పల్లె. మూడు ఈతల సంకరజాతి ఆవుకు ముందుకాళ్ళ మోకాళ్ళు రెండూ వెలక్కాయంత వాచాయి. మొదట్లో నొప్పి లేదు, ఇప్పుడు కుడికాలు మోపలేకపోతోంది. నిరుడు పాకలో సిమెంటు గచ్చు చేయించాం. వంతెన అవతలి మందుల షాపాయన వాతమని ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. నీరు తీయించాలా, వాతలు పెట్టించాలా? రెండు నెలల కింద ఏడో నెలలో ఈసుకుపోయింది (చూడి పోయింది), మాయ నేనే చేత్తో తీశాను. ఇంకో ఆవుకు పుట్టిన ఐదు నెలల పెయ్య ఉంది. నాకూ సాయంత్రమైతే జ్వరం, కీళ్ళ నొప్పులు. ఇద్దరికీ వాతమే అంటోంది మా ఇంటావిడ.

జవాబు: మోకాళ్ళ గురించి అంత రాసి, ఈసుకుపోయిన సంగతి చివర్లో పడేశారు. నేను మీ ఉత్తరం అక్కడి నుంచే చదివాను.

ఏడో నెలలో ఈసుకుపోవడం, మాయ పడకపోవడం, ముందు మోకాళ్ళ మీద నీటి గడ్డలు. ఈ మూడూ ఒకే ఆవులో కనబడితే నా మొదటి అనుమానం బ్రూసెల్లోసిస్, అంటే బ్రూసెల్లా అనే క్రిమి వల్ల వచ్చి పశువును ఈసుకుపోయేలా చేసే అంటురోగం. రెండోది మీ కొత్త గచ్చు. పశువు పడుకునేటప్పుడు ముందు మోకాళ్ళ మీదే వంగుతుంది, లేచేటప్పుడూ బరువు వాటి మీదే. ఒట్టి సిమెంటు మీద రోజూ ఒరుసుకుంటే చర్మం కింద నీరు చేరుతుంది. ఆ వాపు మెత్తగా ఉంటుంది, నొప్పి పెట్టదు. ఇప్పుడు కుంటుతోందంటే లోపల చీము పట్టి అయినా ఉండాలి, వాపు కీలు దాకా పాకి అయినా ఉండాలి. రెండు కారణాలూ కలిసి ఉండొచ్చు కూడా. సిరోంచ పశువైద్యశాలలో చెప్పి బ్రూసెల్లాను పట్టే రోజ్ బెంగాల్ పరీక్షకు రక్తం తీయించండి. ఈ ఒక్క ఆవుకే కాదు, పాకలో ఉన్న పెద్ద పశువులన్నిటికీ.

ఫలితం వచ్చేదాకా దాన్ని వేరుగా కట్టండి. ఊరి ఆబోతుకు కలపొద్దు. సంతకు తోలొద్దు, మీ పాకలోని రోగం ఇంకొకరి పాకకు చేరుతుంది. పశువుల్లో బ్రూసెల్లాకు నికరమైన మందు లేదు, నయం చేస్తామని ఎవరన్నా డబ్బు పెట్టకండి.

గడ్డ కోయించకండి, సూదితో నీరు లాగించకండి. బ్రూసెల్లా అయితే ఆ నీళ్ళలోనూ క్రిమి ఉండొచ్చు, పాకంతా చల్లినట్టవుతుంది. కాకపోయినా, సూది రంధ్రం చీముకు దారి. వాతానికి వాత అనేది మాటల్లో బాగుంటుంది. కాలిన పుండు మంటలో పాత నొప్పి తెలియదు, అంతకుమించి జరిగేదేమీ లేదు.

రేపు పొద్దున్నే జ్వరం చూడండి. మామూలుగా 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. 103 దాటితే అదే రోజు డాక్టర్ని పిలవండి. చీము ఉంటే యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు అన్నది ఆయన నిర్ణయం. మధ్యలో మానకండి. నొప్పికి మెలాక్సికామ్, కిలో బరువుకు 0.5 మి.గ్రా. మి.లీ.కి 5 మి.గ్రా. ఉండే సీసా అయితే 300 కిలోల ఆవుకు 30 మి.లీ. అదీ డాక్టర్ చేతే వేయించండి. పాలిస్తుంటే 5 రోజులు ఆ పాలు వాడొద్దు. వాపు వేడిగా ఉన్నన్నాళ్ళు రోజుకు రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున చన్నీళ్ళు పోయండి. గచ్చు మీద జానెడు మందాన వరిగడ్డి పరవండి, తడిసింది తడిసినట్టే మార్చండి.

షాపాయన ఏ ఇంజెక్షన్ ఇచ్చాడో మీరు రాయలేదు, బహుశా ఆయనా చెప్పలేదు. గబుక్కున తగ్గి తిరగబెట్టిందంటే స్టెరాయిడ్ కావొచ్చు. లోపల క్రిమి ఉన్నప్పుడు అది పశువు తట్టుకునే శక్తినే తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అయితే, దాన్ని పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన కళేబరం తిన్న రాబందులు చచ్చిపోతాయి. మీ గడ్చిరోలి జిల్లాలోనే అటవీశాఖ రాబందుల కోసం మేత స్థలాలు పెట్టింది. ఖాళీ సీసాలు అడిగి తెచ్చి డాక్టర్‌కు చూపించండి. ఇవ్వనంటే ఇక ఆ గుమ్మం తొక్కకండి.

ఇక మీ ఒంటి సంగతి. సాయంత్రం జ్వరం, కీళ్ళ నొప్పులు వాతమని కొట్టిపారేసేవి కావు. బ్రూసెల్లా మనుషులకూ వస్తుంది. మాయ ఒట్టి చేత్తో తీశారు కాబట్టి ముప్పు మీకే ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, "ఈసుకుపోయిన ఆవు మాయ తీశాను, బ్రూసెల్లా పరీక్ష చేయండి" అని మీరే అడగండి. ఉంటే కనీసం 6 వారాల మందులు. ఇంట్లో ఎవరూ పచ్చిపాలు తాగొద్దు. ఇకపై మాయ జోలికి గ్లవుజులు లేకుండా వెళ్ళకండి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి.

ఐదు నెలల పెయ్యకు ఈ నెలలోనే బ్రూసెల్లా టీకా వేయించండి. 4 నుంచి 8 నెలల మధ్య ఆడదూడలకు జీవితంలో ఒక్కసారే వేస్తారు. మగదూడలకు, చూడి పశువులకు వేయరు. 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఉచితం. చెవికి ట్యాగు వేయించుకుని, కార్డు మీద తేదీ రాయించుకోండి.