సేవ సరే, పీఎఫ్ సంగతేంటి?

ఉత్తరం: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 28. ఎంఏ తెలుగు, బీఎడ్. 2024 డీఎస్సీలో కొద్దిలో పోయింది. ఖాళీగా ఎందుకని దగ్గర్లోని క్రిస్టియన్ స్కూల్లో ఆర్నెల్ల కోసం చేరాను. ఇప్పుడు వదలబుద్ధి కావడం లేదు. తండా నుంచి వచ్చే ఆరో తరగతి బాబుకు ఒత్తులు వచ్చేవి కావు. రోజూ అన్నం తిన్నాక కూర్చోబెట్టి చెప్పాను. సంక్రాంతి సెలవుల తర్వాత పాఠం గడగడా చదివేశాడు. దేవుడు నన్ను ఇందుకే పిలిచాడని ఆ రోజే అనిపించింది. జీతం 12 వేలు. నాన్న "సేవ జేస్తే కడుపు నిండుతదా బిడ్డా, డీఎస్సీ చదువు" అంటున్నాడు. సిస్టర్ గారు "ఇది పిలుపు, పైసలు చూడొద్దు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ బాబు సంగతి. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లవాడికి బడిలో తెలుగు రెండో భాష. పదం నోట్లో తిరగనిదే ఒత్తు చేతికి రాదు. చాలామంది టీచర్లు "వీడికి శ్రద్ధ లేదు" అని ముందుకు పోతారు. మీరు మీ అన్నం గంట ఇచ్చారు. దాన్ని పిలుపు అనడానికి నాకేం అభ్యంతరం లేదు.

అయితే పిలిచింది ఆ బాబా, ఆ బడా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బడి గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా వాడే. అలాంటి పిల్లలు డిండి, చందంపేట వైపు సర్కారు బళ్లలో ఎందరున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడికి వెళ్లడం కోసం పరీక్ష రాస్తే దేవుణ్ని కాదన్నట్టు ఎట్లవుతుంది?

అట్లని నాన్నగారి మాటా పూర్తిగా ఒప్పుకోను. 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2024లోనే. ఆ ఏడేళ్లలో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో నోట్సులు మోస్తూ వయసు కరిగించుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఉద్యోగం మానకండి, చెబుతూనే చదవండి. 11,062 పోస్టుల ఆ డీఎస్సీలో 100కి 20 మార్కులు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీవే. మీకు పోయింది కొద్దిలోనే అంటున్నారు కాబట్టి, టెట్ మళ్లీ రాసి స్కోరు పెంచుకోండి. అప్పటి గరిష్ఠ వయసు 46 ఏళ్లు, మీకు తొందరేం లేదు. మీరు రాయలేదు గానీ, నాన్నగారి తొందరలో సగం పెళ్లి బెంగ అని నా అనుమానం. అది వేరుగా, సూటిగా మాట్లాడుకోండి. డీఎస్సీ చాటున వద్దు.

ఇక సిస్టర్ గారు. పాలమూరులో మెన్నోనైట్లు, నల్లగొండలో బాప్టిస్టులు అనే క్రైస్తవ మిషనరీలు బడి గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పిన చరిత్ర చిన్నది కాదు. ఆమె మాటలో మోసం ఉందని నేననను. కానీ ఆవిడకు జబ్బు చేస్తే, వయసు మీద పడితే చూసుకోవడానికి కాన్వెంటు ఉంది. పైసలు చూడొద్దని ఆమె తనకు తాను చెప్పుకోవచ్చు, మీకు చెప్పకూడదు.

20 మందికి తగ్గకుండా సిబ్బంది ఉన్న బడి పీఎఫ్ కట్టాల్సిందే. మీ జీతంలోంచి 12 శాతం, యాజమాన్యం నుంచి 12 శాతం. ఐదేళ్లు నిండితే మానేటప్పుడు గ్రాట్యుటీ అనే మొత్తం వస్తుంది. ప్రైవేటు బడి టీచర్లకూ అది హక్కేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ పాలమూరులో ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లు చెప్పాను. నెలనెలా పీఎఫ్ అని కోసేవాళ్లు. మానేసే రోజున అడిగితే నా పేరున ఖాతానే లేదు. అప్పట్లో నాకూ "సేవ" అనే చెప్పారు, నేనూ మురిసిపోయాను.

కాబట్టి వచ్చే ఒకటో తారీఖున సిస్టర్ గారి దగ్గరికి వెళ్లి, "నా పీఎఫ్ యూఏఎన్ నంబరు కావాలి, జీతం చీటీ కావాలి" అని మర్యాదగా అడగండి. అదే వారం టెట్ పుస్తకాలు తీయండి. మధ్యాహ్నం ఆ బాబు క్లాసు మాత్రం ఆపొద్దు. అడిగినప్పుడు సిస్టర్ గారు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఆ బడిలో ఉండాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.