ఆ చంటిదానికి అన్నం ఎవరు పెడతారు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ముగ్గురు అనాథ పిల్లల ఇంగ్లీషు సినిమా మీద నువ్వు పంపిన వ్యాసం పోయిన సోమవారం అందింది. పధ్నాలుగు పేజీలు. ఒకసారి కుర్చీలో కూర్చుని చదివాను, ఏటిగట్టు మీద నడిచొచ్చాక ఇంకోసారి చదివాను. రెండుసార్లూ మొదటి పేజీలోనే కోపం వచ్చింది. ‘ఈ చిత్రంపై ప్రేక్షకుల నుంచి మిశ్రమ స్పందన వ్యక్తమైంది’ అని మొదలుపెట్టావు.

అమ్మా, ఆ వాక్యం నీది కాదు. శుక్రవారం సాయంత్రం టీవీలో అడుగున పరిగెత్తే అక్షరాలది. ఆ స్పందన ఎవరి మొహంలో చూశావు? కనుమ నాటి రాత్రి మీ అమ్మమ్మగారింటి హాల్లో పదకొండు మంది చాపలు పరుచుకుని ఆ సినిమా చూశారని నువ్వే రాశావు. పదకొండు మందీ పదకొండు రకాలు. వాళ్లను వదిలేసి ‘ప్రేక్షకులు’ అని ఒక మాటతో సరిపెట్టేశావు. ఆ ప్రేక్షకుల కోసం పేజీలు ఖర్చు పెట్టావు. మీ పిన్నిగారి చిన్నపిల్లకి మాత్రం తొమ్మిదో పేజీలో రెండు లైన్లు ఇచ్చావు. అవి కూడా బ్రాకెట్లో.

ఆ రెండు లైన్ల దగ్గరే నేను ఆగిపోయాను. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

సినిమా గురించి నీకు తెలియంది కాదు. 2004లో వచ్చిన ‘లెమొనీ స్నికెట్స్ ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’. డేనియల్ హ్యాండ్లర్ అనే రచయిత లెమొనీ స్నికెట్ పేరుతో 1999 నుంచి 2006 దాకా రాసిన పదమూడు పుస్తకాల్లో మొదటి మూడింటిని కలిపి తీశారు. ఇల్లు తగలబడి అమ్మానాన్నలు పోయారని సముద్రపొడ్డున ముగ్గురు పిల్లలకు కబురొస్తుంది. పెద్దది వయొలెట్, మధ్యవాడు క్లాస్, ఇంకా మాటలు సరిగా రాని చంటిది సన్నీ. ఆస్తి మీద కన్నేసిన కౌంట్ ఓలఫ్ చేతికి వాళ్లను అప్పజెబుతారు. ఇదంతా నువ్వు చక్కగా రాశావు. మీ పెద్దమ్మ మధ్యలో లేచి ‘పండగపూట ఈ చావుల గోలేమిటర్రా’ అని వంటింట్లోకి వెళ్లడం, అక్కడ అరిసెల డబ్బా మూత చప్పుడు, మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడే చివరిదాకా చూడటం. అది బాగుంది. అక్కడ నీ కళ్లు పనిచేశాయి.

ఓలఫ్ వేషం వేసిన జిమ్ క్యారీ కనిపించినప్పుడల్లా మీ బావ పొట్ట పట్టుకుని నవ్వాడన్నావు. నవ్వనీ. ఇంగ్లీషు మీడియంలో చదివి ఆ పుస్తకాలన్నీ చిన్నప్పుడే పూర్తిచేసిన మీ అన్నయ్య ‘మూడు పుస్తకాలు ఒకదానిలో కుక్కేశారు, మొదటి పుస్తకంలోని పెళ్లి నాటకాన్ని తెచ్చి చివర్లో పెట్టారు’ అని సణుగుతూ కూర్చున్నాడన్నావు. అతను చెప్పింది నిజమే. పుస్తకం చదివినవాడు సినిమా హాల్లో ఎప్పుడూ రెండు సినిమాలు చూస్తాడు. మా బామ్మ అంతే. ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. అది మా రాజమండ్రి మనిషే, మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాసిన కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్నదని నీకు తెలిసే ఉంటుంది. నా చిన్నప్పుడు మళ్లీ టూరింగ్ టాకీస్‌కి వస్తే బామ్మ నన్ను తీసుకెళ్లింది. ఆవిడకి కాశీమజిలీలు దాదాపు కంఠతా వచ్చు. దారిపొడుగునా ‘కథలో ఇలా లేదురా, ఇలా లేదు’ అంటూనే వచ్చింది. ఆ వారంలో మూడుసార్లు చూసింది. సణగడం కూడా ఇష్టంలో ఒక భాగమేనని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. మీ అన్నయ్యని అడిగి చూడు, లేచి వెళ్లిపోయాడా? లేదు కదా.

ఆ టూరింగ్ టాకీస్‌లో, తెర మీద చచ్చిన నేపాళ మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు మళ్లీ బతికించినప్పుడు నా పక్కన ఇసకలో కూర్చున్న కుర్రాడు రెండు కాళ్లూ లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. నేల మీంచి ఎవరో వచ్చి పట్టుకుంటారన్నట్టు. వాడి మోకాలి మీద ఎండిన బురద నాకిప్పటికీ కనిపిస్తుంది. వాడు భయపడ్డాడు, నేనూ భయపడ్డాను. మర్నాడు చెరువుగట్టు మీద మేమిద్దరం మాంత్రికుడి వేషమే కట్టుకున్నాం. తోటరాముడి వేషం ఎవడికీ అక్కర్లేకపోయింది. ఎస్వీ రంగారావుగారిని చూసి పాడైపోయిన పిల్లాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

నువ్వు మాత్రం పదమూడో పేజీలో ‘ఇలాంటి చీకటి కథలు పసిమనసులపై దుష్ప్రభావం చూపుతాయి’ అని తేల్చేశావు. ఎవరు చెప్పారు నీకు? మీ అమ్మమ్మగారింటి హాల్లో అందరికన్నా చిన్నది మీ చెల్లి, ఎనిమిదేళ్లది. దాని మీద ఏం ప్రభావం చూశావు? నీ బ్రాకెట్లో ఉన్నది ఇది: సినిమా సగంలో అది నీ చెయ్యి గుంజి, ‘అక్కా, ఆ చంటిదానికి అన్నం ఎవరు పెడతారు?’ అని అడిగింది. అంతే రాశావు. తర్వాత పేరా మేకప్‌కి ఆస్కార్ వచ్చిన సంగతికి వెళ్లిపోయింది.

నాకు 1986 ఆగస్టు గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద. నేనప్పుడు ఒక లంక ఊరి పక్కన బడిపంతుల్ని, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. గట్లు తెగి ఊళ్లు మునిగితే జనాన్ని మా బళ్లో పెట్టారు. పెద్దవాళ్లు వరండాలో, పిల్లలు గదిలో బల్లలు కలిపి వాటి మీద. ఒక్క లాంతరు. బయట నీళ్ల హోరు. పిల్లలు నిద్రపోవడం లేదని కథ మొదలుపెట్టాను. కుందేలు, సింహం. నవ్వించే కథలే చెప్పాలి, పాపం భయపడి ఉన్నారు అనుకున్నాను. ఒక్కడూ వినలేదు. చివరికి ఒక పిల్లాడు ‘మాస్టారూ, బాలనాగమ్మ చెప్పండి’ అన్నాడు. సందేహిస్తూనే ఎత్తుకున్నాను. మాయల ఫకీరు రావడం, బాలనాగమ్మను కుక్కను చేసి వెంట తీసుకుపోవడం, వెతుక్కుంటూ వచ్చినవాళ్లను రాళ్లు చేసెయ్యడం. గది అంతా నిశ్శబ్దం. ఏడు సముద్రాల అవతల చిలక దాకా ఇంకా వెళ్లనే లేదు, మూలనుంచి ఒక ఆడపిల్ల అడిగింది: ‘మరి ఉయ్యాల్లో పిల్లాడికి పాలెవరు పట్టారండి?’

అమ్మాయీ, నలభై ఏళ్ల తేడాతో ఒకటే ప్రశ్న. ఆ పిల్లకి ఫకీరు లెక్కలోకి రాలేదు. మీ చెల్లికి ఓలఫ్ లెక్కలోకి రాలేదు. పిల్లలు చీకటి కథ వినేటప్పుడు చీకటిని చూడరు, దానిలో మిగిలిపోయిన పిల్లని చూస్తారు. ఆ పిల్ల తిన్నదా, ఎక్కడ పడుకుంది, ఎవరు ఎత్తుకున్నారు అని వెతుకుతారు. భయం పెద్దవాళ్లది. మనం మన భయాన్ని ‘పసిమనసులు’ అని పేరుపెట్టి వాళ్ల నెత్తిన రుద్దుతాం.

నువ్వు చూసిన సినిమాలోనే ఇది ఉంది, గమనించావా? ఓలఫ్ ఒకసారి ఇటాలియన్ శాస్త్రజ్ఞుడిగా, ఇంకోసారి పడవ కెప్టెన్‌గా వేషం మార్చుకుని వస్తాడు. పిల్లలు చూడగానే గుర్తుపడతారు. వీడే వాడు అని చెబుతారు. పెద్దలెవరూ నమ్మరు. వాళ్లను పెంచుకోబోయిన పాముల శాస్త్రజ్ఞుడు మామయ్య నమ్మడు, వాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే బ్యాంకు పెద్దమనిషి నమ్మడు. కథంతా నడిచేది దాని మీదే. మీ చెల్లి నీకు ఒక నిజం చెబితే నువ్వు బ్రాకెట్లో పెట్టావు. వాళ్లు చేసిందీ అదే.

సినిమా మొదట్లో చిట్టి మరుగుజ్జు గెంతులేసే బొమ్మల దృశ్యం అనవసరం అన్నావు. అది సినిమాకి గుమ్మం! ముద్దుగా పాట సాగుతూ టక్కున ఆగిపోతుంది, మీరు చూడబోయేది ఇది కాదు, అలాంటిది కావాలంటే పక్క హాల్లోకి వెళ్లండి అని కథకుడి గొంతు చెబుతుంది. పిల్లల్ని అంత మర్యాదగా లోపలికి పిలిచిన సినిమాలు నేను ఎక్కువ చూడలేదు. మీకు అబద్ధం చెప్పను అని ముందే మాట ఇవ్వడం అది.

మాట ఇవ్వడం అంటే నాకు గొంతు పట్టుకుంటుంది. ఎందుకో చెబుతాను.

ఆ వరద తర్వాత నేను ఒక కథ రాశాను. పశువుల కట్లు విప్పడానికి వెనక్కి వెళ్లిన తండ్రి తిరిగి రాడు. బళ్లో పడుకున్న కొడుకు పొద్దున్నే గట్టు మీదకి పోయి, ఈదుకుంటూ ఒడ్డు చేరిన వాళ్ల ఎర్రావు మెడలో తెగిన పలుపు చూస్తాడు. కథ అక్కడ ఆగుతుంది. ఒక వారపత్రికకు పంపాను. వేశారు. చేతికొచ్చాక చూస్తే చివర ఇంకో పేరా ఉంది. తండ్రి పడవలో చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. నన్ను అడగలేదు, చెప్పలేదు. బస్సెక్కి వెళ్లి అడిగితే ఆ సంపాదకుడు ‘పిల్లల శీర్షిక కదండీ, కాస్త ఆశ ఉండాలి’ అన్నాడు. టీ ఇప్పించాడు. తాగకుండా వచ్చేశాను.

ఆ కథకి బోలెడు ఉత్తరాలొచ్చాయి. కళ్లు చెమర్చాయన్నారు, శుభం అన్నారు. ఒకటి మాత్రం ఒక లంక నుంచి వచ్చింది. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన కాగితం, అంచు ఇంకా పీచుపీచుగా ఉంది. నీలం సిరా ఒకచోట అలికింది. ‘కథలో నాన్న వచ్చాడు. మా నాన్న రాలేదు. మీకు ఎవరు చెప్పారు వస్తారని?’ కింద పేరు, ఆరో తరగతి. ఆ పేరా నేను రాయలేదమ్మా అని ఆ పిల్లకి ఎలా జవాబు రాయను? రాసినా ఏం లాభం? జవాబు రాయలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇప్పుడు పిల్లల కథల పోటీలకు పెట్టే నియమాలు చూస్తున్నాను. నీతి ఉండాలి, పాజిటివ్‌గా ఉండాలి, చావు ఉండకూడదు. ఈ నేల మీద ఉండి ఆ మాట ఎలా అంటారు? 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయినప్పుడు ఆ చెట్ల మధ్య తిరిగిన పిల్లలు ఇవాళ తల్లిదండ్రులు. వాళ్ల పిల్లలకు గోదారిని చూపించి ఇదంతా బాగుంటుంది అని చెప్పమంటారా? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్లు చదివి పెరిగిన తరం మాది. అందులో పుర్రెలున్నాయి, మాంత్రికులున్నారు, రాక్షసులున్నారు. నెలంతా ఎదురుచూసేవాళ్లం.

అందుకే ఆ సినిమా చివర్లో వచ్చే ఉత్తరం విషయంలో నీతో గట్టిగా విభేదిస్తున్నాను. పోస్టులో తప్పిపోయి ఆలస్యంగా అందే అమ్మానాన్నల ఉత్తరం. ‘పుస్తకాల్లో లేనిదాన్ని సెంటిమెంటు కోసం అతికించారు’ అన్నావు. వాళ్లు తీసుకున్న ఆ మూడు పుస్తకాల్లోనూ అది లేదు, ఒప్పుకుంటాను. కానీ నా కథకి అతికించిన పేరాతో దీన్ని పోల్చి చూడు. ఇక్కడ ఉత్తరం వచ్చింది, మనుషులు రాలేదు. తీసినవాళ్లు పిల్లల చేతిలో ఏదో పెట్టాలనుకున్నారు, కానీ అబద్ధం పెట్టలేదు. ఓదార్పుకీ మోసానికీ మధ్య ఉన్న ఆ సన్నని గట్టు మీద నడవడం చేతకాకనే నా సంపాదకుడు పడవని తెచ్చాడు. ఆ దృశ్యం మళ్లీ చూడు. ఈసారి మీ చెల్లిని పక్కన కూర్చోబెట్టుకో.

నెట్‌ఫ్లిక్స్‌లో 2017 నుంచి 2019 దాకా మూడు సీజన్లుగా వచ్చిన సీరీస్‌తో పోల్చిన పేజీలు తీసెయ్యి. ఏది మేలు అన్న తగువు ఇక్కడ వద్దు. ఆస్కార్ పేరా కూడా తీసెయ్యి. ‘దుష్ప్రభావం’ పేరా ఉంటే నాకు మళ్లీ పంపకు. మీ పెద్దమ్మ, మీ బావ, మీ అన్నయ్య ఉండనీ. తొమ్మిదో పేజీలోంచి మొదలుపెట్టు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగావు. అవి తర్వాత.

ఒక్కటి మాత్రం వెంటనే రాయి. ఆ పిల్ల అడిగింది కదా, చంటిదానికి అన్నం ఎవరు పెడతారని. నువ్వేం చెప్పావు? చెప్పకపోతే, గుమ్మంలో నిలబడ్డ మీ పెద్దమ్మ ఏమైనా చెప్పిందా? అది పధ్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. గుర్తులేకపోతే ఫోన్ చేసి ఆ పిల్లనే అడుగు, దానికి గుర్తుంటుంది.

మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు.

మీ మాస్టారు