సినిమా సంగీతం చరిత్ర తెలిస్తే వినడంలో తేడా వస్తుందా?

తప్పకుండా వస్తుంది. సంగీతం సీన్‌కి పైపూత కాదని, కథలో చాలా భాగం అదే చెబుతోందని చెవికి తెలుస్తుంది.

మూకీల కాలంలో తెర పక్కన కూర్చుని పియానో వాయించేవారు. 1927లో ‘ద జాజ్ సింగర్’తో బొమ్మకు పాట తోడైంది. 1933లో ‘కింగ్ కాంగ్’కి మ్యాక్స్ స్టైనర్ ఇచ్చిన ఆర్కెస్ట్రా సంగీతం చాలామందికి దారి చూపించింది.

నన్నడిగితే 1960 నాటి ‘సైకో’ దగ్గర కాసేపు ఆగాలి. స్నానం చేస్తున్న అమ్మాయిని కత్తితో పొడిచి చంపే షవర్ సీన్‌కి సంగీతమే వద్దనుకున్నారు దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాత్రం రాసి వినిపించారు, హిచ్‌కాక్ ఒప్పుకున్నారు. ఆ సినిమా సంగీతంలో డ్రమ్ములు లేవు, బాకాలు లేవు, అన్నీ తీగ వాయిద్యాలే. ఆ సీన్‌ని ముందు మ్యూట్‌లో చూసి, మళ్లీ సౌండ్ పెట్టి చూడండి. వయొలిన్ల కీచు అరుపు మొదలవగానే ఒళ్లు జలదరిస్తుంది.

పాటలదీ అంతే. టాకీల తొలి రోజుల్లో నటులు షూటింగ్‌లోనే పాడాల్సి వచ్చేది. వాద్యబృందం ఫ్రేము బయట కూర్చుని అక్కడికక్కడే వాయించేది. మైకుకి దూరం జరిగితే గొంతు వినపడదు కాబట్టి మనుషులు పెద్దగా కదలరు. పాటను ముందే రికార్డు చేసుకుని పెదవులు కలిపే పద్ధతి వచ్చాకే నటులు పరుగెత్తుతూ, నాట్యం చేస్తూ పాడగలిగారు. ఇది తెలిసి చూస్తే, కదలకుండా నిలబడి పాడే ఆ పాత పాటలు బోరు కొట్టవు. ఒకే టేకులో శ్రుతి తప్పకుండా పాడిన ఆ గొంతు మీద గౌరవం కలుగుతుంది.