పెద్ద పెట్టె కొనేముందు

ఒరేయ్ నానీ,

నీ ఉత్తరం అందింది. ఐదుగురూ తలా కాస్త వేసుకుని గ్లూమ్‌హేవెన్ అనే బోర్డ్ గేమ్ కొందామనుకుంటున్నారని, "అది ఎలాగూ డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటిదే కదత్తా, పైగా బొమ్మలు కూడా వస్తాయి" అని రాశావు. డబ్బులు పోగేసే ముందు ఆ పెట్టె మీద ఏం రాసుందో చూశావా? ఒకరి నుంచి నలుగురు. మీ ఐదోవాడు గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలా?

అదలా ఉంచు. "లాంటిదే" అన్నావు చూడు, నాకు అక్కడుంది పేచీ. రెండింటికీ చుట్టరికం ఉన్నమాట నిజమే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అది రోల్‌ప్లేయింగ్ గేమ్: ఒక మనిషి కథ చెబుతూ ఆట నడుపుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్రై ఏం చేస్తారో నోటితో చెబుతారు. మరుసటి ఏడే 'డంజన్!' అని ఒక బోర్డ్ గేమ్ వచ్చింది. చేసిన డేవిడ్ మెగారీ ఆర్నెసన్ ఆటలో ఆడినవాడే. అవే నేలమాళిగలు, అవే భూతాలు, అదే నిధుల వేట. ఆట నడిపే మనిషి మాత్రం లేడు. ఆ పనంతా బోర్డూ కార్డులూ చూసుకుంటాయి. ఆ మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టే మీ సాయంత్రాలు ఎలా ఉంటాయో తేలుతుంది.

నా సంగతి చెబుతా విను. చాలా ఏళ్ళ కిందట మేం హీరోక్వెస్ట్ అనే బోర్డ్ గేమ్ ఆడేవాళ్ళం. అందులో నలుగురు వీరులు: బార్బేరియన్, మరుగుజ్జు, ఎల్ఫ్, మంత్రగాడు. ఐదో మనిషి దుష్ట మాంత్రికుడు. ఒక ఎడిషన్లో అతని పేరు మోర్కార్, ఇంకో ఎడిషన్లో జార్గన్. క్వెస్ట్ పుస్తకం అతని చేతిలో ఉంటుంది. వీరులు తలుపు తీసినప్పుడల్లా గదిలో ఏముందో అతనే పేర్చాలి, రాక్షసుల్ని కదపాలి. ఆ పని నాదే. ఓ రోజు బార్బేరియన్ ఆడేవాడు గదిలో ఉన్న చిన్న అట్టబల్లను చూపించి, "దీన్ని పడదోసి తలుపుకి అడ్డం పెట్టేయొచ్చా?" అన్నాడు. రూల్‌బుక్ తిరగేశాను. కదలొచ్చు, కొట్టొచ్చు, మంత్రం వేయొచ్చు, వెతకొచ్చు. బల్లను పడదోయడం ఎక్కడా లేదు. కుదరదన్నాను. వాడు సరేనని పాచిక వేశాడు గానీ, ఆ రాత్రి మళ్ళీ నోరు విప్పి ఏమీ అడగలేదు.

అదే ప్రశ్న రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో వచ్చి ఉంటే అసలు ఆట అక్కడ మొదలయ్యేది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్లో ఇలాంటివాటికి సులువైన దారి ఉంది. పని తేలికదైతే పాచికతో అందుకోవాల్సిన లక్ష్యం 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20. బల్ల బరువుగా ఉందనుకో, 15 అంటావు. ఇరవై ముఖాల పాచిక ఉత్తిగా వేస్తే 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడే అవకాశం 30 శాతం. బలశాలి పాత్రకి 5 కలిపితే అది 55 శాతం అవుతుంది. నువ్వు కనిపెట్టాల్సిందల్లా ఆ ఒక్క అంకె. పడితే తలుపు మూసుకుంది. పడకపోతే బల్ల కాలు విరిగిన చప్పుడుకి పక్కగదిలో వాళ్ళు లేచారు. ఇది ఏ పెట్టెలోనూ దొరకదు రా.

అలాగని నేను అటే మొగ్గుతున్నానని అనుకోకు. ఆట నడిపే మనిషి అన్నానే, ఆ మనిషి ఎవరు? మీ ఐదుగురిలో ఎవరూ చేయి ఎత్తరు, చివరికి నీ నెత్తినే పడుతుంది. వారం మధ్యలో కూర్చుని ఏ ఊళ్ళో ఎవరున్నారో రాసుకోవాలి. వాళ్ళు నువ్వు రాసుకున్నది వదిలేసి ఇంకెటో పోతే నవ్వుతూ వెంట వెళ్ళాలి. అన్నిటికంటే కష్టం, న్యాయంగా ఉండటం. నేనొకసారి తప్పు చేశాను. ఓ రాక్షసుడి వంతు వచ్చినప్పుడు అడ్డుతెర వెనక పాచిక వేస్తే 20 పడింది. దెబ్బ తగిలితే మా మంత్రగత్తె పోతుంది, ఆడుతున్న పిల్ల అప్పటికే దిగులుగా ఉంది. "3 పడింది, తప్పిపోయింది" అనేశాను. పక్కన కూర్చున్నవాడు చూశాడు, ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎంత పెద్ద భూతం వచ్చినా వాళ్ళు ఎదురెళ్ళిపోయేవాళ్ళు. అత్త చంపదులే అన్న ధైర్యం! కారణం నాకు తెలిసేసరికి నెలలు గడిచాయి, ఆటలో పస పోయింది. అప్పటినుంచి పాచికలు అందరి ముందే వేస్తాను. నువ్వూ అలాగే వెయ్.

గ్లూమ్‌హేవెన్‌లో ఈ తలనొప్పి లేదు. రాక్షసుడు ఏం చేయాలో కార్డు చెబుతుంది, ఎవరి మీదా జాలిపడదు. దాని పోరాటం మహా చక్కగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. ప్రతి వంతులో రెండు కార్డులు ఎంచుకుని ఒకదాని పైసగం, ఇంకోదాని కిందసగం వాడతావు. విశ్రాంతి తీసుకున్నప్పుడల్లా ఒక కార్డు పోతుంది. కార్డులు నిండుకుంటే దెబ్బలు తగలకపోయినా నువ్వు బయటికే. లెక్కలు ఇష్టమైనవాళ్ళకి విందు. నువ్వు రాసినదాన్ని బట్టి మీలో ఇద్దరు చదరంగం పిచ్చోళ్ళు. వాళ్ళని కథలోని సత్రం యజమానితో కబుర్లు చెప్పమంటే పది నిమిషాల్లో ఫోన్ తీస్తారు. వాళ్ళకోసమైతే గ్లూమ్‌హేవెన్‌లోనే జాస్ ఆఫ్ ద లయన్ అని 2020లో చిన్న పెట్టె వచ్చింది, 25 ఘట్టాలు, మొదటి ఐదూ ఆడుతూనే నేర్పుతాయి. అదీ నలుగురికే. ఐదోవాడు రాని రోజుకి ఉంచుకో.

రాకపోవడం అంటే గుర్తొచ్చింది. బోర్డ్ గేమ్‌కి ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళు ఇంకోటి ఆడుకుంటారు. కథ నడిచే ఆటలో ఒకడు మూడు వారాలు రాకపోతే వాడి పాత్ర ఏమైపోయిందో నువ్వే చెప్పాలి. అందుకే మొదట్లో వారాల తరబడి సాగే పెద్ద క్యాంపెయిన్ మొదలుపెట్టకు. ఒక్క రాత్రిలో అయిపోయే కథ చాలు. దానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఐదో ఎడిషన్ మూలసూత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. పాచికలు, పెన్సిళ్ళు ఉంటే సరి.

నన్నడిగితే ముందు మీరు ఐదుగురూ హీరోక్వెస్ట్ ఆడండి. జార్గన్ నువ్వే అవు. 2021లో మళ్ళీ వచ్చినదాంట్లో జార్గన్ పని చేసిపెట్టే యాప్ ఉంది, దాని జోలికి పోకు. నీకు ఆ కుర్చీ నచ్చిందో లేదో తెలియాలి కదా. ఆడుతున్నంతసేపూ వాళ్ళ నోళ్ళు గమనించు. ఆ పాచికల మీద పుర్రె బొమ్మ పడితే దెబ్బ తగిలినట్టు. "ఎన్ని పుర్రెలు పడ్డాయి?" అనేవాళ్ళు ఎందరో, "ఒరేయ్, ఇది చేయొచ్చా?" లాంటివి అడిగేవాళ్ళు ఎందరో లెక్కపెట్టు. రెండో రకం ముగ్గురున్నా చాలు, కథ రాసుకోవడం మొదలుపెట్టు. లేకపోతే హాయిగా పెట్టెలే కొనుక్కో, చిన్నతనమేమీ లేదు.

కొత్తది కొనకు, నా పాతది పంపిస్తున్నా. అన్నీ ఉన్నాయి, ఒక పుర్రె పాచిక అంచు మాత్రం చిట్లింది. బల్ల పైన అట్ట ఊడిపోతే జిగురు పెట్టి అతికించాను. ఎవరైనా పడదోస్తానంటే మెల్లిగా పడదోయమను.

మీ అత్తయ్య