బియ్యం అయిపోయాయని చెప్పు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగం మానేసి బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో చేరుతున్నావట. 1910 నుంచి ఉన్న కాలేజీ, అందులో మనింటి పిల్లవాడు! ఫోన్ పెట్టేసి మీ అమ్మమ్మ ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. సంతోషమే. రాత్రంతా నిద్ర పట్టని మాటా నిజమే.

రైలు కంటోన్మెంట్‌లో దిగు, మెజెస్టిక్ దాకా పోకు. కాలేజీ ఉన్న మిల్లర్స్ రోడ్డు అక్కణ్నుంచి దగ్గర. స్వెట్టర్ మర్చిపోకు.

గ్రీకు, హీబ్రూ అక్షరాలు దిద్దాల్సి వస్తే ఈ వయసులోనా అనుకోకు. దోర్నకల్ అజరయ్య గారు తమిళాయన, మన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనే చదివాడు. ముప్పై దాటాక దోర్నకల్ సేవ కోసం తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

అయినా నీ చదువు గురించి నాకు దిగుల్లేదు. ఇబ్బందొస్తే నువ్వు నోరు విప్పవు, అదీ నా భయం. ఆ గుణం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

1981లో నేను పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. మూడు నెలలు జీతం లేదు. పెరంబూరులో ఒంటి గది ఇల్లు, మీ అమ్మకి ఐదేళ్లు. చర్చి సంఘంలో ఎవరు పలకరించినా "ప్రభువు చూసుకుంటున్నాడండీ" అనేవాణ్ని. పాస్టరు అయ్యగారు ఒకరోజు సంచీతో గుమ్మంలోకొస్తే, "మాకంటే లేనివాళ్లకివ్వండి" అని తిప్పి పంపేశాను. ఎంత విశ్వాసం అని అందరూ మెచ్చుకున్నారు. చెవులకి ఇంపుగానే ఉండేది. మీ అమ్మమ్మ మాత్రం పక్కింటి తమిళావిడ దగ్గర బియ్యం బదులు తెచ్చి వండుతోంది. నాకు తెలుసు. తెలియనట్టు తినేవాణ్ని.

ఆ శుక్రవారం గృహ ప్రార్థన మా ఇంట్లో. గది నిండా జనం. "ఆకాశపక్షులను పోషించు తండ్రీ" అంటూ పావుగంట దంచాను. తర్వాత అయ్యగారు మీ అమ్మని "నువ్వూ చెయ్యి తల్లీ" అన్నారు. అది కళ్లు గట్టిగా మూసుకుని, "యేసయ్యా, మా ఇంట్లో బియ్యం అయిపోయాయి. మళ్లీ అడగాలంటే అమ్మకి సిగ్గేస్తోంది. నువ్వు తెచ్చిపెట్టు. ఆమెన్" అంది.

జనం వెళ్లాక దాని మీద చెయ్యి చేసుకున్నాను చిన్నా. పరువు తీశావే అని అరిచాను. "యేసయ్యకే కదా నాన్నా చెప్పాను" అంది, చెంప పట్టుకుని.

పొద్దున్నే ఎవరో పది కిలోల బియ్యం గుమ్మంలో పెట్టి వెళ్లారు. ఈసారి తిప్పి పంపలేదు.

అదే కూడిక ముగిస్తూ అందరం కలిసి "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నాం. మీ అమ్మ అడిగిందీ అదే, ఇంటి తెలుగులో. మార్కు సువార్త 10వ అధ్యాయంలో యేసు దగ్గరికి చిన్నపిల్లల్ని తెచ్చినవాళ్లని గద్దించింది ఎవరనుకున్నావు? ఆయనతో వాదులాడే పరిసయ్యులా? శిష్యులే. రేపు నువ్వు దాని మీద ప్రసంగం చేసేటప్పుడు ఈ ముక్క దాటెయ్యకు.

పెళ్లయ్యేదాకా మీ అమ్మ నా ముందు గొంతెత్తి ప్రార్థన చెయ్యలేదు. నువ్వు పుట్టిన ఏడాది క్షమించమని అడిగాను. "నాకు గుర్తే లేదు నాన్నా" అంది. ఎందుకు లేదూ, ఉంది.

అందుకని చెప్తున్నా. మెస్ డబ్బు కట్టలేకపోతే చెప్పు. పాఠం అర్థం కాకపోతే అర్థం కాలేదని లేచి అడుగు. పుస్తకాలు చదివీ చదివీ ఒకరోజు ప్రార్థనే రాకపోతే, ఆ మాటే ఆయనతో చెప్పు. వేదాంతి కాబోయేవాణ్ని, ఇలా ఎలా చెప్పడం అని బిగుసుకున్నావో, చెవి మెలేస్తాను. ప్రార్థనలో నా భాష పట్టుకోకు. మీ అమ్మ భాష పట్టుకో.

నెలకి 2,000 ఫోన్‌లో వేస్తాను. పెన్షన్ డబ్బులే, నాకు మందులకి పోగా మిగిలేవి. తిప్పి పంపావంటే ఈ మోకాళ్లతోనే రైలెక్కి వస్తా.

మీ తాతయ్య,
పెరంబూరు