ఐపీవీ6 చేర్చడమంటే 32 తీసేసి 128 పెట్టడం కాదు

“ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్క్ కోడ్‌లో ఐపీవీ6 చేర్చడానికి అంత కాలం ఎందుకు పడుతుంది? చిరునామా పొడవును 32 బిట్ల నుంచి 128 బిట్లకు పెంచితే సరిపోదా?” అని మీరు అడిగారు. ఇంటర్నెట్‌లో యంత్రాలకు చిరునామాలిచ్చే పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. సరిగ్గా ఇదే మాట 2011లో హైదరాబాద్‌లో మా మేనేజరు గారు కూడా అన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3న ప్రపంచమంతటికీ ఇంటర్నెట్ చిరునామాలు పంచే ఐఏఎన్‌ఏ తన దగ్గర మిగిలిన చివరి ఐదు ఐపీవీ4 బ్లాకులను, ఒక్కొక్కదానిలో సుమారు 1.67 కోట్ల చిరునామాలున్న వాటిని, ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచేసింది. దాంతో మా పరికరాలు కొనేవాళ్లందరికీ ఒక్కసారిగా ఐపీవీ6 గుర్తుకొచ్చింది. మేం అమ్మే నెట్‌వర్క్ పెట్టెలో నడిచేది బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పాత కెర్నల్, అంటే దాని గుండెకాయ లాంటి భాగం. బీఎస్‌డీ కోసం ఐపీవీ6 రాసిన జపాన్ వాళ్ల కామే ప్రాజెక్టు కోడ్ ఉచితంగానే దొరుకుతోంది కనుక, దాన్ని తెచ్చి అతికిస్తే నెల రోజుల్లో పని అయిపోతుందని ఆయన లెక్క వేశారు.

చిరునామా పెంచడం నిజంగానే సులువు. చిరునామాను పోర్టు వగైరాలతో కలిపి ప్రోగ్రాములు వాడే సాకెట్ చిరునామా ఐపీవీ4లో 16 బైట్లు, ఐపీవీ6లో 28 బైట్లు. పాత కోడ్ ఎక్కడెక్కడ 16 బైట్ల చోటు మాత్రమే ఉంచి కాపీ చేస్తోందో వెతికి సరిచేయాలి. లాగ్‌లో చిరునామాకు 15 అక్షరాలే కేటాయించిన చోట్లు, చిరునామాకూ పోర్టుకూ మధ్య కోలన్ ఒక్కటే ఉంటుందని నమ్మిన చోట్లు (ఐపీవీ6 చిరునామాలోనే కోలన్లుంటాయి) కూడా ఉంటాయి. విసుగు పుట్టించే పనే గానీ, ఓపికగా వెతికితే దొరుకుతాయి. మమ్మల్ని మూడు వారాలు తిప్పలు పెట్టింది మాత్రం ఇది కాదు.

కోడ్ అంతా కంపైల్ అయింది, పెట్టె తన చిరునామా తాను తయారు చేసుకుంది, అయినా లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేస్తే, అంటే ‘ఉన్నావా’ అని అడిగితే, జవాబు లేదు. ప్యాకెట్ అసలు వస్తోందా లేదా చూద్దామని పెట్టెలో వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ నడిపితే, ఆ క్షణం నుంచి పింగ్ చక్కగా నడిచింది. టీసీపీడంప్ ఆపేసినా నడుస్తూనే ఉంది. బాగైపోయిందనుకుని ఇళ్లకు వెళ్లి పొద్దున వచ్చి చూస్తే మళ్లీ మూగబోయి ఉండేది. “అన్నా, మనం చూస్తున్నప్పుడే పని చేస్తోందన్నా” అని టెస్టింగ్ కుర్రాడు అంటే మొదట నవ్వాం గానీ, బగ్ మొత్తం ఆ మాటలోనే ఉంది.

ఐపీవీ4లో పక్క యంత్రం హార్డ్‌వేర్ చిరునామా కనుక్కోవడానికి ఏఆర్‌పీ అనే పద్ధతి బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వెళ్లే ప్రశ్న, పంపుతుంది, దాన్ని ప్రతి నెట్‌వర్క్ కార్డూ తీసుకుంటుంది. ఐపీవీ6లో ఏఆర్‌పీయే లేదు. అదే ప్రశ్న 33:33తో మొదలయ్యే మల్టీకాస్ట్ చిరునామాకు, అంటే కావాలన్నవాళ్లకే చేరే చిరునామాకు, వెళ్తుంది. ఫలానా మల్టీకాస్ట్ నాకు కావాలి అని కార్డును నడిపించే డ్రైవర్ ముందుగా దానికి చెప్పి ఉంచకపోతే, కార్డు ఆ ప్యాకెట్‌ను కెర్నల్ దాకా రానివ్వదు. టీసీపీడంప్ నడిచినంతసేపూ కార్డు వచ్చిన ప్రతిదాన్నీ లోపలికి పంపుతుంది కనుక ప్రశ్న మాకు చేరేది, జవాబు వెళ్లేది, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపెట్టుకునేది. రాత్రంతా ఎవరూ మాట్లాడకపోతే మరిచిపోయేది. కావాలని చెప్పవలసిన ఆ ఫంక్షన్ తెరిచి చూస్తే లోపల ఒకే ఒక్క లైను: రిటర్న్ సున్నా. అంటే పని ఏమీ చేయకుండానే పైవాళ్లకు “అయిపోయింది” అని చెబుతోంది. చిప్ అమ్మినవాళ్లు ఇచ్చిన డ్రైవర్ అది. అడిగితే, ఇన్నేళ్లలో ఎవరూ ఫిర్యాదు చేయలేదన్నారు. ఏఆర్‌పీ ఉన్నంతకాలం ఎవరు చేస్తారు?

అందుకే నా దృష్టిలో ఈ పనిలో కొత్త కోడ్ రాయడం పావు వంతే. మిగతాదంతా పాత కోడ్ ఎక్కడ అబద్ధమాడుతోందో పట్టుకోవడం. లినక్స్‌లోకి ఐపీవీ6 కోడ్ 1996లోనే వచ్చినా, దాని మీది ‘ప్రయోగదశ’ ముద్ర 2005లో 2.6.12 దాకా పోలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. కామే వాళ్లు కూడా ఒక అడ్డదారి తొక్కారు. ఎఫ్ఈ80తో మొదలయ్యే లింక్ లోకల్ చిరునామా (అదే నెట్‌వర్క్‌లోని పక్క యంత్రాల మధ్యే పనిచేసేది) ఏ ఇంటర్‌ఫేస్‌దో, అంటే ఏ నెట్‌వర్క్ కనెక్షన్‌దో, తెలియాలి కనుక, కెర్నల్ లోపల ఇంటర్‌ఫేస్ సంఖ్యను చిరునామా మధ్యలోనే దాచారు. తీయడం మరిచిన ప్రతిచోటా అది తెర మీదకు వచ్చి, వినియోగదారులు ఫోన్ చేసి మరీ అడిగేవారు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, టెండరు పత్రంలో ఐపీవీ6 గడిలో టిక్కు పెట్టించుకుని, చిన్న ఇబ్బంది రాగానే “ముందు ఐపీవీ6 ఆపేయండి” అని సలహా ఇచ్చే పద్ధతి. అలా ఆపేసిన చోట డ్రైవర్‌లోని ఆ రిటర్న్ సున్నా ఇంకో పదేళ్లు హాయిగా బతుకుతుంది. మాకు ఆ ఫంక్షన్ నింపడానికి పట్టింది ఒక్క పూట. మీరు గనక ఈ పని మొదలుపెట్టబోతుంటే, చిరునామా స్ట్రక్చర్ల జోలికి వెళ్లకముందే మీ ఈథర్‌నెట్ డ్రైవర్‌లో మల్టీకాస్ట్ ఫంక్షన్ తెరిచి, అందులో ఏమైనా రాసి ఉందో లేదో చూడండి.